సాక్షి దిమ్మె

మీ చేనులో బోరు ఎక్కడ వేయాలో చెప్పింది ఎవరు? అబద్ధమాడకండి. డిగ్రీలు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లనే ముందు అడుగుతున్నాను. కింద ఏ రాయి ఉందో చూసి చెప్పారా? లేక అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని చేనంతా తిరిగే మనిషి వెనక మీరు కూడా చెప్పులు విడిచి నడిచారా?

ఊరికే అడగడం లేదు. మా చెల్లెలి కొడుకు జనగామలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతాడు. భూమి పొరలు, రాళ్ల రకాలు, నీళ్లు రాతి పగుళ్లలో ఎట్లా నిలుస్తాయో బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలు గీసి చెబుతాడని పేరు. మొన్న ఎండాకాలం నర్మెట్ట దగ్గర తన చేనులో బోరు వేయిస్తున్నానని, రమ్మని కబురు చేశాడు. పోయాను. చేనులో ఒక పెద్దమనిషి కళ్లు మూసుకొని, చేతిలో కాయతో తిరుగుతున్నాడు. వెనక మావాడు. మావాడి వెనక ఇద్దరు తోటి అధ్యాపకులు. ఒకచోట కాయ లేచి నిలబడింది. ముగ్గురూ చేతులు జోడించారు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"మామా, సైన్సు పిల్లలకు చెప్పేటిది. గిది మన సొంత చేను గదా" అన్నాడు వాడు, నాకు లోకజ్ఞానం లేదన్నట్టుగా.

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఒక మనిషి గుర్తుకొచ్చాడు. కాలేజీ గడప తొక్కలేదు. సంతకం రాదు. కానీ భూమి విషయంలో ఆయనకు బడికొక మాట, చేనుకొక మాట ఉండేది కాదు.

ఆయన పేరు రాయడం లేదు. మర్యాద కోసం కాదు, తెలియక. ఏడాదిన్నర ఆయన పక్కన కూర్చున్నాను, పేరు అడగలేదు. అటువంటి చదువు నాది. ఊరంతా "బండలన్న" అనేది, నేనూ అదే అన్నాను. రాళ్లు కొడుతూ, బావులు తవ్వుతూ ఊరూరూ తిరిగే మనిషి. డోర్నకల్‌లో రైలు పట్టాల కిందికి కంకర కొట్టాడట, మానుకోట దిక్కు చెరువు తూములకు రాయి చెక్కాడట. జఫర్‌గఢ్‌కు కోసెడు దూరంలో ఉన్న ఒక ఊళ్లో నేను పంతులుగా చేరేనాటికి ఆయన అక్కడ ఊరి చివర రేకుల కింద ఉన్నాడు. గడిలో దొర ఉన్నాడు. ఊరు వెట్టిలో ఉంది.

రాయి కనిపిస్తే ఆయన ముందు దాని మీద ఉమ్మేవాడు. బొటనవేలితో రుద్ది, ఎండకు పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. "ముఖం కడగందే రాయి మాట్లాడదు పంతులూ" అనేవాడు. తర్వాత చిన్న సుత్తెతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించేవాడు. నేల విషయమైతే మడిమతో తన్నేవాడు. తన్నిన తర్వాత కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, జవాబు కోసం ఆగినట్టు.

ఈ అలవాటు ఆయనను ఒకసారి వీపు విరిగేదాకా తెచ్చింది. గడి గుమ్మానికి కొత్త రాతి గడప పెట్టారు. మనిషి ఉండబట్టలేక దాని మీద ఉమ్మి రుద్దాడు. దొర గడపకు ఉమ్మి! ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం గడి ముందు వంగబెట్టి, వీపు మీద బండ ఎత్తారు. సాయంత్రం వదిలిపెట్టిన తర్వాత నేను నీళ్లు తీసుకొని పోతే, నడుము పట్టుకొని కూర్చున్న మనిషి అన్న మొదటి మాట ఇది:

"వీపు మీదికెక్కినంక తెలిసింది పంతులూ. గది నల్లరాయి. మన దిక్కు ఎర్రరాయి గింత బరువుండది."

దొర శిక్ష వేశాననుకున్నాడు. ఈయన తూకం వేసుకొచ్చాడు.

నేను అప్పట్లో ఉపన్యాసాల మనిషిని. జనగామలో గ్రంథాలయ చర్చల్లో వాదించి, దేవుణ్ణి రెండుసార్లు, దయ్యాన్ని నాలుగుసార్లు ఓడించి వచ్చినవాణ్ణి. ఊరి బయట ఒకదాని మీద ఒకటి నిలబడిన రెండు గుండ్లు ఉండేవి. పైది భీముడు గోళీలాడి అక్కడ పెట్టి మరిచిపోయాడని ఊళ్లో నమ్మకం. ఒక సాయంత్రం జనాన్ని ఆ గుండ్ల దగ్గర కూర్చోబెట్టి, భూమి పుట్టుక మొదలుకొని చెప్పాను. ఉర్దూలో చదివింది తెలుగులోకి తిప్పడానికి సంస్కృతం తప్ప నాకు దారి దొరకలేదు. "శిలలు మూడు విధములు. ఆగ్నేయ శిల, అవక్షేప శిల, రూపాంతర శిల" అన్నాను గంభీరంగా.

ముందు వరసలో ఒక ముసలవ్వ చేయెత్తింది. "గీ ముగ్గురు అక్కజెల్లెండ్లు ఏ కథల వస్తరు పంతులూ?"

బండలన్న లేచి వచ్చి, తలగుడ్డ విప్పి మూడు రాళ్లు నేల మీద పెట్టాడు.

"గిది కాగిన రాయి. మన ఊరి రాయి. అవ్వా, బెల్లం పాకం మెల్లగ సల్లారితే పలుకులు కట్టదా? గట్లనే. గీ పలుకులు మెరుస్తున్నయ్ సూడు. గిది భూపాలపల్లి అడివిలది, పరిచిన రాయి. ఏరు ఇసుక తెచ్చి పరిచింది, మీద మల్ల పరిచింది, మల్ల పరిచింది. ఏటి అలలు గూడ అట్లనే ఉన్నయ్, సెయ్యి వెట్టి సూడు. గిది డోర్నకల్ అవుతలిది. నలిగిన రాయి. మీద బరువు, కింద వేడి. నలిగి నలిగి పొరలుగ లేస్తది."

"మీద దొర, కింద పట్వారీ. మనసొంటిదే" అన్నాడు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. నా ఉపన్యాసంలో జనం నవ్వడం అదే మొదటిసారి.

"మరి భీముడు ఆడలేదంటవా బండలన్నా?" అంది అవ్వ.

"ఆడిండో లేదో నేను సూడలే. సుట్టూత మెత్తటిది వానకు కొట్టుకపోయింది, గట్టిది మిగిలింది. గుండు ఎవలు నిలవెట్టలే అవ్వా. దాని పక్కది పోయింది, అంతే."

నేను రెండు గంటలు భీముడితో కుస్తీ పడుతున్నాను. ఆయన భీముణ్ణి తిట్టకుండానే ఆ పని ముగించాడు.

ఆ తర్వాత రోజులు మారాయి. జనం కర్రలు పట్టారు, కొందరు తుపాకులు పట్టారు, దొర హైదరాబాదు పోయాడు. ఊళ్లో కమిటీ ఏర్పడి దొర చేన్లు పంచింది. మంచి చెల్కలు ముందు పోయాయి. చివరికి మిగిలింది నల్లరాళ్లు వరసగా తేలిన రెండెకరాల బోడు. అది మల్లవ్వకు ఇచ్చారు. ఆమె పెనిమిటి దొర పొలంలో వెట్టి చేస్తూనే కూలబడి చనిపోయాడు. అడిగేవాళ్లు లేని ఆడమనిషి కాబట్టి, అడగని భూమి ఆమెకు వచ్చింది.

భూమి వచ్చింది, వాన రాలేదు. నీళ్లు లేకపోతే పంచిన చేను పంచిన కాగితంతో సమానం. అందరూ కలిసి ఒక బావి తవ్వాలని కమిటీ తీర్మానించింది. ఎక్కడ?

ఇక్కడ ప్రవేశించాడు కాయస్వామి. ఆ పేరు నేను పెట్టిందే. దొర కాలంలో కాయకు పసుపు గుడ్డ కట్టి దొర చేన్లలో నీళ్లు చూసేవాడు. గంగమ్మ ఎప్పుడూ దొర చేన్ల కిందే పారేది, పేదవాడి చెల్క దరిదాపులకు కూడా వచ్చేది కాదు. ఇప్పుడు కాలం మారింది కదా, కాయకు ఎర్రగుడ్డ కట్టాడు. పిడికిలి ఎత్తి కమిటీకి దండం పెట్టి, చేన్లలోకి దిగాడు. కాయ తిరిగి తిరిగి సరిగ్గా కమిటీ పెద్ద బామ్మర్ది వాటాకు వచ్చిన చెల్కలో లేచి నిలబడింది. భూగర్భంలో ఉన్న గంగమ్మకు కూడా కమిటీలో ఎవరెవరున్నారో తెలుసు.

బండలన్న అక్కడ మడిమతో తన్నాడు. ఆగాడు. "గీడ పరుపు బండ ఉన్నది. రెండు మనిషి నిలువులల్ల తగుల్తది. నీళ్లు గాదు, సెమట గూడ పడది" అన్నాడు. తర్వాత చేయి చాపి మల్లవ్వ బోడు చూపించాడు. "నల్లరాయి గోడ లెక్క భూమిల అడ్డం దిగింది. మీది దిక్కు నుంచి దిగొచ్చే నీళ్లు దానికి తాకి ఆగుతయ్. రాళ్ల వరసకు ఎగువన తవ్వుండ్రి."

"నువ్వు కమిటీకి ఎదురు మాట్లాడుతున్నవా?" అన్నాడు కమిటీ పెద్ద.

"నేను బండ ముచ్చట జెప్పిన అన్నా. బండ కమిటీల లేదు."

పెద్ద నా వైపు తిరిగాడు. "పంతులూ, నువ్వు సదువుకున్నోనివి. జెప్పు."

నాకు తెలుసు, బండలన్న చెప్పింది నిజమని. దేవుణ్ణి రెండుసార్లు ఓడించినవాణ్ణి కదా, బామ్మర్దిని ఓడించలేకపోయాను. "ఈ సమయంలో ఐక్యత ముఖ్యం" అన్నాను.

ఐక్యంగా తవ్వారు. రెండు నిలువులకు పరుపు బండ తగిలింది. మందు పెట్టి పేల్చారు, ఇంకా బండే. నెల రోజుల చాకిరీ తెల్లటి పొడిగా లేచి మా అందరి జుట్టు మీద వాలింది. కాయస్వామి వచ్చి గుంటలోకి చూసి, నాస్తికుడి నీడ పడడంతో గంగ పక్కకు జరిగిందని తేల్చాడు. నాస్తికుణ్ణి నేను. నా నీడకు అంత బలముందని తెలిసి ఆశ్చర్యపోయాను. అంతకంటే ఆశ్చర్యం, కమిటీలో ఇద్దరు ఆ మాటకు తల ఊపారు.

మల్లవ్వ మర్నాడే గడ్డపార తీసుకొని బండలన్న రేకుల ముందు నిలబడింది.

"అన్నా, నా బోడుల నీళ్లున్నయంటివి. ఒట్టి మాటనా?"

"ఉన్నయ్. ఐదు నిలువులు తవ్వాలె. తవ్వుతవా?"

"నువ్వు దిగుతవా?"

"నువ్వు దిగితే దిగుత."

ఇద్దరూ మొదలుపెట్టారు. మూడో రోజు మల్లవ్వ వాడకట్టు ఆడవాళ్లు ఆరుగురు తట్టలు పట్టుకొని వచ్చారు. నేనూ తట్ట మోశాను. నాకు అది ప్రాయశ్చిత్తం, వాళ్లకు తమాషా. "పంతులూ, తట్ట మొయ్యాలె, తట్టతోని ముచ్చట వెట్టద్దు" అని ఆట పట్టించేవారు.

తవ్వకం పనిలో ఒక పద్ధతి ఉంది. గుంట నడుమ మనిషి వెడల్పు మట్టి దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. నేల మొదట ఎంత ఎత్తుండేది, ఎంత లోతు తవ్వారు అన్నదానికి అదే సాక్షి. పని కొలిచాక దాన్నీ పడగొడతారు. బండలన్న వెట్టి పనిలో కూడా దిమ్మె వదిలేవాడట. కూలే లేని పనికి కొలతెందుకని గడి గుమాస్తా నవ్వితే, "కూలి నీ ఇష్టం. కొలత నా ఇష్టం" అన్నాడట.

మల్లవ్వ బావిలో పై రెండు నిలువులు వెడల్పుగా తవ్వి, అక్కడ అరుగు వదిలి, కిందికి ఇరుకుగా దిగారు. దిమ్మె ఆ అరుగు మీద నిలబడింది. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద సున్నపు గుళ్లున్న చవుడు, దాని కింద మొరం. మొరంలో కింది నుంచి ఏటవాలుగా ఒక తెల్లరాయి గీత, వేలెడు మందం, ఎక్కడా తెగకుండా పైదాకా. బండ మెత్తబడి మొరమైందని, ఆ తెల్లరాయి మాత్రం మెత్తబడదని, అందుకే బండలో ఎట్లా ఉందో మొరంలోనూ అట్లాగే నిలిచిందని ఆయన నాకు వేలితో చూపించాడు. నేను చదివిన పుస్తకం మొత్తం ఆ దిమ్మెలో నిలబడి ఉంది. మల్లవ్వ దాని మీద సద్దిముంత పెట్టుకునేది. కొలిచి కూలి ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి, పని అయ్యాక కూడా దాన్ని ఎవరూ పడగొట్టలేదు.

ఐదో నిలువు దాటాక పగుళ్ల బండలో నుంచి నీళ్లు కారాయి. కాదు, ఉరికాయి. మల్లవ్వ ముందు ముఖం కడుక్కోలేదు. ముంతెడు తెచ్చి బండలన్న కాళ్ల మీద పోసింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కొని, "నా కాళ్లెందుకు, మిరప నారుకు పొయ్యి" అని కసిరాడు. ఆ ఏడు ఊళ్లో పచ్చగా కనిపించింది మల్లవ్వ బోడు ఒక్కటే.

తర్వాత మిలిటరీ వచ్చింది. మిలిటరీ వెనక దొర వచ్చాడు, తలమీద తెల్లటోపీతో. కమిటీ పెద్ద అడవికి పోయాడు. బామ్మర్ది గడికి పోయాడు. పంచిన చేన్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుండగా, మల్లవ్వ మాత్రం కదల్లేదు. "బోడు దొరదైతే బోడు తీస్కపొమ్మను. బాయి నాది. నేను తవ్విన" అంది.

బోడు అడగడానికి దొరకు సిగ్గు లేదు గానీ, బావి కావాలంటే ఒక కథ కావాలి. కథ అల్లాడు. అది తన తాత తవ్వించిన పాత మోట బావి, పూడిపోతే మల్లవ్వ పూడిక తీసింది అంతే అన్నాడు. విచారణకు ఒక అధికారి వచ్చి బావి గడ్డన కుర్చీ వేసుకున్నాడు. కాయస్వామి కాయకు ఈసారి ఖద్దరు గుడ్డ కట్టుకొని వచ్చి, అంచు నుంచి అంచు దాకా ఇది పాత బావేనని, తన తండ్రే గంగను చూపించాడని ప్రమాణం చేశాడు.

బండలన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని ముందుకు వచ్చాడు. "సారూ, జర కిందికి దిగి అరుగు మీది దిమ్మె సూడుండ్రి."

"మట్టి ఏం సాక్ష్యం చెబుతుందయ్యా?" అన్నాడు అధికారి నవ్వుతూ.

"జెప్తది. ఒకపాలి తవ్వి పూడిస్తే ఎర్రమట్టి, సవుడు, మొరం కలెగల్సి పోతయ్. మల్ల వరసల పేర్చుడు బ్రహ్మతోని గాదు. గీడ వరస చెదరలే. గా తెల్లరాయి గీత సూడుండ్రి, కింది బండల పుట్టి మీది దాక తెగకుంట వచ్చింది. దొరవారి తాత గీ బాయి తవ్విచ్చి ఉంటే, గా గీత ఎన్నడో తెగి ఉండాలె. తెగిన గీతను ఎవలు అతికిచ్చిండ్రు?"

దొర మీసం మీద చేయి ఆగింది. అధికారి కుర్చీలోంచి సగం లేచి, గుంటలోకి చూశాడు. చూశాడు, నేను చూశాను. ఆ మాట ఆయనకు తగిలింది. కానీ మట్టి మాట మీద తీర్పు రాయడానికి ఆయనకు ఒక చదువుకున్నవాడి ఊతం కావాలి. చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు.

"మీరు బడి పంతులు కదా. ఇతను చెప్పినట్టు మీ పుస్తకంలో ఉందా?"

దొర కూడా నన్నే చూశాడు. వారం కింద మిలిటరీవాళ్లు నా గది వెతికారు. కమిటీలో ఎవరెవరితో తిరిగావని అడిగారు. పక్క ఊరి పంతులును అప్పటికే బండి ఎక్కించుకుపోయారు. మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా పెదవుల వంక చూస్తోంది.

"పుస్తకంలో ఇట్లా లేదు" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. నేను హేతువాదిని, అబద్ధం ఆడను. నా పుస్తకంలో జఫర్‌గఢ్ దగ్గరి బావి గురించి నిజంగానే లేదు.

అధికారి కూర్చున్నాడు. బావి దొరదని రాశాడు. పొద్దు గూకకముందే దిమ్మెను పడగొట్టించారు. పడగొట్టింది తట్టలు మోసిన ఆ ఆడవాళ్లే, వెట్టికి పిలిచారు. మల్లవ్వ ఆ తర్వాత అదే బావి నీళ్లు గడికి మోసింది.

బండలన్న సుత్తె, మూడు రాళ్లు తలగుడ్డలో కట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నా ముఖంలోకి, రాయిని చూసినట్టు, ఒక కన్ను మూసి చూశాడు.

"పుస్తకంల లేదు, సరే. నీ కండ్ల ముందట గూడ లేకుండెనా పంతులూ?"

జవాబు కోసం ఆగాడు. నేల మీద మడిమతో తన్ని ఆగినంతసేపు ఆగాడు. నా నుంచి ఏమీ రాకపోయేసరికి భూపాలపల్లి దిక్కు నడిచాడు. మళ్లీ చూడలేదు. ఉన్నాడో పోయాడో కూడా తెలియదు.

చదివేవాళ్లారా, మీ ఊళ్లో కూడా ఒకరి బావిని, ఒకరి గుట్టను, ఒకరి చెల్కను ఎవరో కథ చెప్పి లాక్కుంటున్నారు. అక్కడికి వెళ్లండి. కిందికి దిగి మీ కళ్లతో చూడండి. రేపు విచారణలో పుస్తకంలో ఏముందని మిమ్మల్నే అడుగుతారు. లేచి నిలబడి, చూసింది చూసినట్టు చెప్పండి. భయం వేస్తే వేయనీయండి, మాట మాత్రం ఆ రోజే, ఆ మనిషి వింటుండగానే చెప్పండి. నాలాగా నలభై ఏళ్లు ఆగి వ్యాసం రాయకండి.